చినార్ ఎర్రబడే వారం తప్పిపోకుండా కశ్మీర్ ప్రయాణం వేసుకోవడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు

దసరా సెలవులు ఎప్పుడిస్తే అప్పుడే కశ్మీర్ టికెట్లు తీసేయడం మనవైపు చాలా ఇళ్లలో జరిగేదే. పడవ షికారు, మంచు కొండలు, కుంకుమపువ్వు చాలనుకుంటే దానివల్ల ఇబ్బందేమీ లేదు. చినార్ చెట్లు నిప్పు అంటుకున్నట్టు ఎర్రబడే ఆ పది పదిహేను రోజుల్లోనే అక్కడ ఉండాలనుకుంటే మాత్రం పండగ క్యాలెండరు పక్కన పెట్టాలి. విజయదశమి 2024లో అక్టోబర్ 12న, 2025లో అక్టోబర్ 2న వచ్చింది. పండగ చంద్రుణ్ణి బట్టి ముందుకీ వెనక్కీ జరుగుతుంది. చెట్టు నడిచేది సూర్యుణ్ణి బట్టి. శ్రీనగర్‌లో చినార్లు మామూలుగా అక్టోబర్ చివరి వారం నుంచి నవంబర్ రెండో వారం లోపు బాగా రంగు తిరుగుతాయి. 2025లో విజయనగరం సిరిమాను సంబరం అక్టోబర్ 7న అయింది. అది చూసుకుని మర్నాడు బండెక్కితే శ్రీనగర్‌లో కనిపించేవి పచ్చటి చినార్లే.

ముందు చెట్టు లెక్క తెలుసుకోండి

మీ పెరట్లోనో వీధి చివరో నాటు బాదం చెట్టు ఉండే ఉంటుంది. చలికాలంలో దాని వెడల్పాటి ఆకులు పసుపెక్కి, ఎర్రబడి, ఒక్కొక్కటే టప్పున రాలతాయి. చినార్‌లో జరిగేదీ దాదాపు ఇదే. మన బాదం తీరుబడిగా కొమ్మకో రంగు తిరుగుతుంది. చినార్‌కి అంత తీరుబడి ఉండదు, చలి వెనకాల తరుముతూ ఉంటుంది. అందుకే అక్కడ వారం తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

ఆకు పచ్చగా ఉండేది పత్రహరితం వల్ల. పొద్దు తగ్గేకొద్దీ చెట్టు కొత్త పత్రహరితం తయారుచేయడం తగ్గించేసి, ఉన్నదాన్ని విడగొట్టి, పనికొచ్చే సారాన్ని కొమ్మల్లోకి లాక్కుంటుంది. పచ్చదనం పోగానే ముందునుంచీ అడుగున ఉన్న పసుపు బయటపడుతుంది. ఆ పసుపు కెరోటినాయిడ్లది, క్యారెట్‌కి రంగిచ్చేవీ అవే. ఎరుపు సంగతి వేరు. ఆకులో మిగిలిన చక్కెరతో చెట్టు దాన్ని ఆ రోజుల్లోనే కొత్తగా చేసుకుంటుంది. దాని పేరు ఆంథోసయనిన్, నేరేడు పండుకి ఆ రంగు వచ్చేదీ దీనివల్లే. పగలు ఎండ బాగా కాసి, రాత్రి చల్లబడి, నీరు గడ్డకట్టేంత చలి మాత్రం రాకపోతే ఎరుపు దట్టంగా పడుతుంది. కాబట్టి పసుపు ఏటా దాదాపు ఖాయం. ఎరుపు ఎంత పడుతుందన్నది ఆ ఏటి ఎండ, చలి తేలుస్తాయి. ఈలోగా తొడిమ మొదట్లో బెరడు లాంటి పొర కట్టుకుంటుంది. అది పూర్తయ్యాక చిన్న గాలి వచ్చినా ఆకు ఊడిపోతుంది.

పొద్దు ఎంత తగ్గుతుందో ఏటా ఒకేలా ఉంటుంది కాబట్టి రంగు మొదలయ్యే కాలం పెద్దగా మారదు. నిండు రంగు ఏ రోజుకి వస్తుంది, ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నదే చిక్కు. వేసవి చివర వానలు లేక నేల ఎండిపోతే ఆకు అంచులు మాడి, ఎరుపెక్కకుండానే గోధుమరంగుకి దిగి తొందరగా రాలుతుంది. రాత్రుళ్లు వెచ్చగా ఉంటే రంగు వారం దాకా వెనక్కి జరిగి, వచ్చినా వెలవెలబోతుంది. గాలివాన పడితే నిన్నటి చెట్టు ఇవాళ సగం బోడి. ఒక్కోసారి మంచే ముందుకొచ్చేస్తుంది. 2018 నవంబర్ 3న, 2019 నవంబర్ 7న కశ్మీర్ లోయలో ఆకులింకా చెట్ల మీద ఉండగానే భారీగా మంచు కురిసి, ఆపిల్ తోటల్లో కొమ్మలు విరిగిపడ్డాయి. అలాంటి రోజుల్లో రంగు మాట అటుంచి, దారులూ విమానాలూ ఆగిపోతాయి.

ఇన్ని ఉండగా రెండు నెలల ముందు ఎవరైనా "ఫలానా రోజు పీక్" అని చెబితే నమ్మకండి. దానికి బదులు ఎత్తు లెక్క పట్టుకోండి.

ఎత్తు లెక్క

ఎస్.కోటలో చొక్కా తడిసిపోతుంటుంది; ఘాట్ రోడ్డెక్కి అనంతగిరి దాటి అరకు చేరేసరికి చలి తెలుస్తుంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి 1,000 మీటర్లకీ వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఆకుల రంగూ ఇదే దారిలో నడుస్తుంది. ముందు పైన మొదలై, వారాల తేడాతో కిందికి దిగుతూ వస్తుంది.

లదాఖ్‌లో లేహ్ సుమారు 3,500 మీటర్లు. అక్కడ పోప్లార్ చెట్లు సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ మొదటి పక్షం లోపు పసుపెక్కుతాయి. పహల్‌గామ్ సుమారు 2,200 మీటర్లు. లిద్దర్ ఏటి వెంబడి పోప్లార్లు, అక్రోటు చెట్లు అక్టోబర్ మధ్యకల్లా పసుపు తిరుగుతాయి. శ్రీనగర్ సుమారు 1,600 మీటర్లు. చినార్ వంతు అన్నిటికన్నా ఆఖర్న.

ఇక్కడొక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. లోయలో దాదాపు అడుగున ఉన్నది శ్రీనగరే. మీరు వారం ముందు వెళ్లినా నష్టం లేదు. కారెక్కి రెండు మూడు గంటలు పైకి పోతే అక్కడ రంగు సిద్ధంగా ఉంటుంది. వారం ఆలస్యంగా వెళ్తే మాత్రం దిగి చూడ్డానికి లోయలో అంతకన్నా కిందన చోటు లేదు. అందుకని అనుమానం వచ్చినప్పుడల్లా ముందు తేదీ వైపే మొగ్గండి.

గుల్‌మర్గ్‌ని ఆకుల కోసం పెట్టుకోకండి. అక్కడివి దేవదారు జాతి సూది ఆకుల చెట్లు, ఏడాది పొడవునా పచ్చగానే ఉంటాయి. కేబుల్ కారు కోసమైతే వెళ్లండి, ఆ రోజుని రంగుల లెక్కలో కలపొద్దు.

తేదీలు ఖాయం చేయడం

వారం సెలవే దొరికితే శ్రీనగర్‌లో ఉండే రోజులు అక్టోబర్ 28 నుంచి నవంబర్ 5 మధ్య పడేలా చూసుకోండి. పది రోజులు దొరికితే అక్టోబర్ 25న చేరండి. లోయలో ఏడు రాత్రులు ఉంటే మంచిది. అయిదుకి తగ్గితే ఒక్క గాలివాన మొత్తం ప్రయాణాన్ని మింగేస్తుంది.

రాత్రుల వరస కూడా ముఖ్యమే. టూరు ఏజెంట్లు ఇచ్చే ప్యాకేజీల్లో తరచు శ్రీనగర్, హౌస్‌బోటు ముందు, పహల్‌గామ్ చివర ఉంటాయి. ఆకుల కోసం వెళ్లేవాళ్లు దాన్ని తిరగేయమని అడగాలి. అక్టోబర్ చివర్లో పైన రోజూ రంగు తగ్గుతుంటుంది, కింద రోజూ పెరుగుతుంటుంది. ముందు పహల్‌గామ్‌లో రెండు రాత్రులు ఉండి, తర్వాత శ్రీనగర్‌కి దిగి నాలుగైదు రాత్రులు ఉండండి. నవంబర్ 5 తర్వాత చేరేవాళ్లకు వరస ఇలా కాదు. అప్పటికి పైన బోడి కొమ్మలే కాబట్టి రోజులన్నీ శ్రీనగర్‌కే ఇచ్చేయాలి. ఏజెంటు ఒప్పుకోకపోతే ప్యాకేజీ వదిలేసి, గదులూ కారూ విడివిడిగా మాట్లాడుకోవడమే నయం.

బడిపిల్లలున్న ఇళ్లలో దసరా సెలవులు కుదరకపోతే దీపావళి వైపు చూడండి. 2024లో అది అక్టోబర్ 31న వచ్చింది, చినార్‌కి సరిగ్గా అతికినట్టు. 2025లో అక్టోబర్ 20న వచ్చింది, కాస్త ముందు. 2026లో నవంబర్ 8న పడుతోంది. ఆ వారం శ్రీనగర్‌లో ఆకు ఇంకా ఉంటుందిగానీ సగం నేల మీద ఉంటుంది. పండగ వెనక కాకుండా ముందు అయిదారు రోజులు సెలవు పెట్టుకోగలిగితే బాగుంటుంది.

టికెట్లు

2024 నవంబర్ 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. అక్టోబర్ 28 బండికి ఆగస్టు 29 పొద్దున్న 8 గంటలకు రిజర్వేషన్ తెరుస్తారు. ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ జతచేసే పని ఆగస్టు మొదట్లోనే ముగించండి. ఆ రోజు పొద్దున్న ఆ పని పెట్టుకుంటే బెర్తులు చేజారతాయి.

విజయనగరం నుంచి ఢిల్లీ వైపు సమతా ఎక్స్‌ప్రెస్, అమృత్‌సర్ వెళ్లే హీరాకుడ్ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. రెండూ విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ వైపు తిరిగిపోతాయి. అంటే ఆమదాలవలసలో దొరకవు. శ్రీకాకుళం, టెక్కలి, పలాస వాళ్లు విజయనగరం వచ్చి ఎక్కాలి. పార్వతీపురం చుట్టుపక్కల వాళ్లకు ఊళ్లోనే ఎక్కే వీలుంది. రెండూ రోజూ నడిచే బళ్లు కావు కాబట్టి ముందు బండి నడిచే రోజు చూసుకుని, తర్వాత సెలవు పెట్టండి.

ఢిల్లీ నుంచి రెండు దారులు. విమానంలో శ్రీనగర్ గంటన్నర. రైలు మీదే వెళ్లాలనుకుంటే ముందు కత్రా చేరి, అక్కడ బండి మారి శ్రీనగర్ వందే భారత్ ఎక్కాలి. 2025 జూన్ 6న మొదలైన ఈ దారి చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున్న వంతెన మీదుగా, సుమారు మూడు గంటల్లో లోయలోకి తీసుకెళ్తుంది. వానలకు కొండచరియలు జారి జమ్ము–శ్రీనగర్ రోడ్డు మూసుకుపోయే రోజులుంటాయి, అందుకని రోడ్డు కన్నా రైలే నమ్మకం. బండి ఎక్కేముందు సామాను తనిఖీ ఉంటుంది. కత్రాకి కనీసం మూడు గంటలు ముందు చేరేలా చూసుకోండి, ఒరిజినల్ ఆధార్ చేతిలో ఉంచుకోండి.

అక్టోబర్ మనకి తుపాను నెల. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబర్ 11న తిత్లీ మన పలాస వైపు తీరం దాటాయి. తుపానుకి రైలే రద్దయితే ఆ టికెట్ డబ్బు మొత్తం తిరిగి వస్తుంది. ఢిల్లీలో అందుకోవాల్సిన విమానం మిమ్మల్ని వదిలేసి వెళ్లిపోతే ఆ డబ్బు మాత్రం రాదు. అందుకని ఢిల్లీలో ఒక రాత్రి ఖాళీ పెట్టుకోండి. తుపాను లేకపోతే ఆ పూట విశ్రాంతికి పనికొస్తుంది; ఒకటిన్నర రోజు రైల్లో కూర్చున్న పెద్దవాళ్లకు అది ఎలాగూ కావాలి. విశాఖ నుంచి విమానంలో ఢిల్లీ వెళ్లేవాళ్లకూ ఇదే మాట.

శ్రీనగర్ గదులు మాత్రం చివరిదాకా రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి. వందో రెండొందలో ఎక్కువైనా సరే. ముందుగా డబ్బు కట్టేయాల్సినవి రైలు, విమానం వరకే ఉండాలి. లోయలో తిరిగే రోజులు చేతిలో ఉండాలి.

అక్టోబర్ మొదటి తేదీ నుంచి ఏం గమనించాలి

సామాజిక మాధ్యమాల్లో చినార్ ఫొటోలు సెప్టెంబర్ నుంచే కనిపిస్తాయి. చాలావరకు అవి పాత ఏళ్లవి. తేదీ లేని ఫొటో చూసి మనసు పాడుచేసుకోవద్దు. మీరు దిగబోయే హోటలుకో హౌస్‌బోటుకో వారానికొకసారి ఫోను చేయండి. "రంగు వచ్చిందా?" అని మాత్రం అడగకండి, వచ్చే అతిథిని పోగొట్టుకోవడం ఇష్టం లేక ఎవరైనా "వచ్చింది, రండి" అనే అంటారు. ఇలా అడగండి: నసీమ్ బాగ్‌లో (శ్రీనగర్‌లోని పాత చినార్ల తోట) ఆకుల అంచులు పసుపెక్కాయా? పసుపు అంచులోనే ఉందా, ఆకంతా పాకిందా? చెట్టు కింద నేల కనిపిస్తోందా, ఆకులు కప్పేశాయా? నిన్న రాత్రి ఎంత చలి? వీలైతే వాట్సాప్‌లో ఇవాళ తీసిన ఫొటో పంపమనండి.

జవాబుల్ని ఇలా లెక్కేసుకోండి. అంచులే పసుపు అంటే నిండు రంగుకి సుమారు రెండు వారాలుంది. ఆకంతా పసుపు, అక్కడక్కడా నారింజ అంటే వారం. చెట్టంతా తుప్పు ఎరుపు, కింద నేల ఇంకా కనిపిస్తోంది అంటే సరైన సమయం అదే. నేలంతా ఆకే అంటే మిగిలింది నాలుగైదు రోజులు. వెంటనే పరుగెత్తాలి, వీలుకాకపోతే రాలిన ఆకుల తివాచీకే సిద్ధపడాలి. ఆ తివాచీ కూడా చూడదగ్గదే. చాలామంది ఫొటోల కోసం దానికే వెళ్తారు.

మరో పక్క వాతావరణ శాఖ శ్రీనగర్ సూచన చూస్తూ ఉండండి. పడమటి గాలుల వల్ల వచ్చే వానలు అక్కడి పెద్ద శత్రువు. చేరడానికి రెండు రోజుల ముందు చూసినప్పుడు, మీరు అక్కడుండే రోజుల్లో వాన పడేలా ఉంటే, పహల్‌గామ్ రాత్రుల్లో ఒకటి తగ్గించి శ్రీనగర్‌కి కలపండి. వానకి ముందే చినార్ చూసేయాలి. భద్రతా కారణాల వల్ల కొన్ని తోటలు, కొన్ని లోయలు మూసి ఉండొచ్చు. ఏవి తెరిచారో బయల్దేరే వారం ముందు అడిగి తెలుసుకోండి.

అక్కడికి చేరాక

నసీమ్ బాగ్ పొద్దున్నే, నిషాత్ బాగ్ మధ్యాహ్నం. ఇది మారిస్తే సగం అందం పోతుంది. ఎందుకంటే నిషాత్ బాగ్ దాల్ సరస్సుకి తూర్పు ఒడ్డున ఉంది, దాని వెనకే జబర్వాన్ కొండలు. పొద్దున్న సూర్యుడు కొండ దాటి తోటలోకి రావడానికి చాలాసేపు పడుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత సరస్సు మీదుగా పడమటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు చినార్ వెలుగుతుంది. నసీమ్ బాగ్ అవతలి ఒడ్డున, హజ్రత్‌బల్ దగ్గర కశ్మీర్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఉంది. తూర్పు ఎండ దానికి సూటిగా తగులుతుంది. మొగలుల నాటి తోట, వందల చినార్లు ఒక్కచోట ఉంటాయి. లోయలో ఒక్క చోటే చూసే వీలుంటే ఇదే చూడండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి హజ్రత్‌బల్ దారంతా జనంతో నిండిపోతుంది, ఆ పూట అటు పెట్టుకోవద్దు.

చెట్టుని ఎండ వీపుకి పెట్టుకుని చూడకండి. చెట్టు కిందికి వెళ్లి, సూర్యుడు ఆకు వెనక ఉండేలా నిలబడి పైకి చూడండి. ఆకులోంచి వెలుతురు వచ్చినప్పుడే అసలు ఎరుపు తెలుస్తుంది. నవంబర్ మొదట్లో అక్కడ సాయంత్రం అయిదున్నర దాటాక పొద్దు వాలిపోతుంది. మనలా ఆరింటికి తోటకి బయల్దేరే అలవాటు అక్కడ పనికిరాదు.

షాలిమార్ బాగ్ జహంగీర్ 1619లో కట్టించాడు, నిషాత్ 1633లో ఆసిఫ్ ఖాన్ వేయించాడు. రెండూ దగ్గరదగ్గరే, ఒక మధ్యాహ్నంలో చూడొచ్చు. దాల్ సరస్సులో చార్ చినార్ అనే దీవికి షికారాలో వెళ్లొచ్చు. చెట్ల కోసమే అయితే దానికి పెద్ద ప్రాధాన్యం ఇవ్వనక్కర్లేదు, నీటి మీద ప్రయాణమే దాని సొగసు. పహల్‌గామ్ దారిలో బిజ్‌బిహారా దగ్గర చాలా పాత, చాలా లావుపాటి చినార్లున్నాయి, డ్రైవరుకి ముందే చెప్పి అరగంట ఆపించండి. శ్రీనగర్ నుంచి 15 కిలోమీటర్ల దూరంలో పాంపోర్ దగ్గర కుంకుమపువ్వు పొలాలు సరిగ్గా ఈ రోజుల్లోనే పూస్తాయి. పువ్వు పొద్దున్నే కోస్తారు, తొమ్మిది దాటాక వెళ్తే మిగిలేది ఊదారంగు ఆనవాళ్లే.

ఎంత జాగ్రత్తపడ్డా ముందే వెళ్లిపోయారనుకోండి. శ్రీనగర్ పచ్చగా ఉంటే రెండు రోజులు పహల్‌గామ్ లేదా సోనామర్గ్ దారి పట్టండి. ఎక్కుతున్నకొద్దీ ఏ మలుపు దగ్గర పసుపు మొదలైందో గమనించండి, అక్కడ ఆగితే చాలు. పైదాకా పోవాల్సిన పనిలేదు. ఆలస్యమైపోతే సరస్సు గాలి తగలని చోట్లు, వీధి దీపాల కింద చెట్లు వెతకండి. దీపం వెలుగు పడే కొమ్మలు ఆకుని కాస్త ఎక్కువ రోజులు పట్టి ఉంచుతాయి. రాలిన ఆకుల్ని ఊడ్చి కుప్పలుగా కాల్చి బొగ్గు చేస్తారు. ఆ బొగ్గు శీతాకాలం కాంగ్డీల్లోకి, అంటే చలి కాచుకునే నిప్పుల కుండల్లోకి వెళ్తుంది. నవంబర్ మధ్యకల్లా ఆ పొగ లోయలో పొగమంచులా నిలుస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ దగ్గర ఉంచుకోవాలి.

చలి, తిండి, ఫోను

పగలు 15 నుంచి 20 డిగ్రీలు, రాత్రి అయిదు లోపు. మన సంక్రాంతి చలికి వేసుకునే స్వెట్టరు పగటికి సరిపోతుంది, రాత్రికి కాదు. లోపల థర్మల్ జత, చెవులు కప్పే టోపీ, రెండేసి జతల ఊలు సాక్సులు ఉండాలి. ఒక్క లావు కోటు కన్నా మూడు పల్చటి పొరలు నయం, ఎండ రాగానే ఒకటి విప్పొచ్చు. పెదవులకి, మడమలకి వెన్నో వాజలీనో పట్టుకెళ్లండి. మన తేమ గాలికి అలవాటైన చర్మం మూడో రోజుకల్లా పగులుతుంది. కాంగ్డీ గానీ బొగ్గుల పొయ్యి గానీ గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకుని పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గదికి విద్యుత్తు దుప్పటి ఉందో లేదో ముందే అడగండి.

తిండి భయం అక్కర్లేదు. కశ్మీరీలూ అన్నమే తింటారు. ఆ రోజుల్లో కార్తీక మాసం పడి మాంసం మానేసిన వాళ్లకు హాక్ అనే ఆకుకూర, రాజ్మా, తామర తూళ్లతో చేసే నద్రు, దమ్ ఆలూ దొరుకుతాయి. ఆవకాయ సీసా, కారప్పొడి మీకెలాగూ సంచిలో ఉంటాయి.

మీ ప్రీపెయిడ్ సిమ్ జమ్ము కశ్మీర్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ అయితే పనిచేస్తుంది. ఇంట్లో కనీసం ఒకరిదైనా బయల్దేరడానికి పదిహేను రోజుల ముందే పోస్ట్‌పెయిడ్‌కి మార్పించండి. బ్యాంకు ఓటీపీ వచ్చే నంబరు అదే అయితే ఇంకా మంచిది. లేకపోతే అక్కడ ఫోనుతో డబ్బు కట్టడం కష్టమవుతుంది.

పిల్లలు అమెరికాలో ఉంటే

విజిటర్ వీసా మీద వెళ్లే అమ్మానాన్నలు చాలామంది ఏప్రిల్‌లో వెళ్లి, చలికి భయపడి సెప్టెంబర్ చివర తిరిగొచ్చేస్తారు. సరిగ్గా రంగులు మొదలయ్యేది అప్పుడే. సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు కాబట్టి జూన్ చివర్లో బయల్దేరండి. అక్టోబర్ అంతా చూసుకుని, సంక్రాంతికి ఇంట్లో ఉండొచ్చు.

అక్కడా లెక్క ఇదే: ఉత్తరాన, ఎత్తున ముందు. కొలరాడో కొండల్లో ఆస్పెన్ చెట్లకి సెప్టెంబర్ చివరి రెండు వారాలు. వెర్మాంట్, న్యూహాంప్‌షైర్ ఉత్తర భాగం సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ పదో తేదీ దాకా. మసాచుసెట్స్ అక్టోబర్ మధ్య, న్యూజెర్సీ అక్టోబర్ చివర. డాలస్‌లో ఉన్నవాళ్లకు లాస్ట్ మేపుల్స్ అనే చోట నవంబర్ మొదటి రెండు వారాలు. దానికి ముందుగా ప్రవేశం రిజర్వు చేసుకోవాలి. అట్లాంటా, షార్లెట్ వైపు వాళ్లకి గ్రేట్ స్మోకీ కొండలే అన్నిటికన్నా నమ్మకం. గాట్లిన్‌బర్గ్ ఊరు సుమారు 400 మీటర్లు, కువోహీ శిఖరం సుమారు 2,000 మీటర్లు, మధ్య దూరం గంట ప్రయాణమే. అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మొదటి వారం దాకా ఎప్పుడెళ్లినా ఆ దారిలో ఏదో ఒక ఎత్తున రంగు ఉంటుంది. శ్రీనగర్‌లో లేని వీలు ఇదే, ఇక్కడ పైకీ వెళ్లొచ్చు, కిందికీ దిగొచ్చు.

అక్టోబర్ రెండో సోమవారం అక్కడ సెలవు. శని, ఆదివారాలతో కలిపి ఆ మూడు రోజులు న్యూఇంగ్లండ్‌లో, అంటే వెర్మాంట్, న్యూహాంప్‌షైర్, మసాచుసెట్స్ వైపు, గదులు దొరకవు, రోడ్లు కదలవు. అబ్బాయినో అమ్మాయినో మంగళ, బుధవారాలు సెలవు పెట్టమనండి. చాలా రాష్ట్రాలు వారం వారం ఆకుల రంగు నివేదిక విడుదల చేస్తాయి. గదులు అవి చూశాకే ఖాయం చేయమనండి.

ఆకు తెచ్చుకోవాలంటే

చినార్ కొమ్మ విరవకండి, ఆకు కోయకండి. దానికి అక్కడ చట్టరక్షణ ఉంది. కింద పడినవాటిలో ఆ పూట రాలినవి, తొడిమ ఇంకా మెత్తగా వంగేవి ఏరుకోండి. ఎండి చుట్టుకున్నవి పొడి అవుతాయి. హోటలు గదిలోనే తెలుగు పేపరో ఉర్దూ పేపరో మధ్య ఒక్కో ఆకు విడిగా పరిచి, పైన పెట్టె బరువు పెట్టండి. మూడు రోజులు రోజుకొకసారి పేపరు మార్చాలి. తడి నిలిస్తే ఎరుపు కాస్తా నల్లబడుతుంది. ఇంటికి చేరాక మన తేమకి బూజు పట్టకుండా పారదర్శకమైన కవర్లో లామినేషన్ చేయించండి. ఎండ తగిలే గోడ మీద పెట్టొద్దు, ఎండకి ఆరు నెలల్లో గోధుమరంగుకి దిగిపోతుంది.